ఫీల్డ్ నుంచి చెన్నైకి సెలవు మీద వస్తున్నారా? టికెట్ కొనే ముందు ఇది చదవండి

ఫీల్డ్‌లో, అంటే వేరే రాష్ట్రాల్లో మిషనరీలుగా పనిచేసే తెలుగు కుటుంబాలు రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి చెన్నైకి సెలవు మీద వస్తుంటాయి కదా, వాళ్ళ కోసం రాస్తున్నాను. మేం ఉండేది ఒడిశాలో కోరాపుట్ వైపు, అత్తగారిల్లు పెరంబూరు. మీది జార్ఖండో అస్సామో కావచ్చు, ఇల్లు రాయపురంలోనో వ్యాసర్పాడిలోనో అంబత్తూరులోనో ఉండొచ్చు, చిక్కులు మాత్రం దాదాపు ఇవే. మిమ్మల్ని ఇంట్లో పెట్టుకునే తోడికోడళ్ళు, వదినలు, సంఘ (చర్చి) పెద్దలు కూడా చదివితే ఇంకా మంచిది, వాళ్ళ కోసం చివర్లో కొంచెం రాశాను.

ఈ సెలవు ఎవరిది?

టికెట్ కంటే ముందు భార్యాభర్తలు కూర్చుని తేల్చుకోవాల్సింది ఇది. మనల్ని పంపిన మిషన్ సంస్థ లెక్కలో అది సగం విశ్రాంతి, సగం సంఘాలు తిరిగి పని గురించి చెప్పి రావడం. సంఘం లెక్కలో మీరొచ్చారంటే వరుసగా కొన్ని ఆదివారాలకు ప్రసంగీకులు దొరికినట్టే. అమ్మానాన్నలకు కొడుకు ఇంటికొచ్చాడు, ఇంకేం అక్కర్లేదు. పిల్లలకేమో స్నేహితుల్నీ సైకిల్‌నీ కోళ్ళనీ వదిలేసి ఎక్కడికో పోవడం. వీళ్ళందరినీ ఒకే సెలవులో సంతోషపెడదామని బయల్దేరితే చివరికి మీ ఇద్దరికీ జ్వరమొస్తుంది, వాళ్ళకీ తృప్తి ఉండదు.

అందుకే క్యాలెండర్ ముందేసుకుని, పెద్దవాళ్ళకూ పిల్లలకూ కావాల్సిన రోజులు మొదట గీత గీసి పక్కన పెట్టేయండి. మిగిలిన వాటిలోంచే సంఘాలకు ఇవ్వండి. వచ్చిన మొదటి వారం ఏ సంఘానికీ మాట ఇవ్వొద్దు, ఎంత దగ్గరి పాస్టరుగారు అడిగినా సరే. "వందనాలండి, ఎప్పుడు దిగారు, ఈ ఆదివారమే వచ్చేయండి" అని ఫోన్ వస్తుంది, ఖాయంగా వస్తుంది. "ఫలానా తేదీ తర్వాత అయ్యగారూ" అని చెప్పడానికి ఆ తేదీ ముందే మీ చేతిలో ఉండాలి, లేకపోతే మొహమాటానికి ఒప్పేసుకుంటారు.

సంఘ పెద్దలెవరైనా నొచ్చుకుంటే బైబిల్లో అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం చివర చూపించండి. పౌలు, బర్నబా అంతియొకయకు తిరిగొచ్చి, సంఘాన్ని సమకూర్చి, దేవుడు చేసినవన్నీ చెప్పి, ఆ తర్వాత శిష్యుల దగ్గర చాలా కాలం ఉండిపోయారని ఉంటుంది. అక్కడ రిపోర్టు ఒకసారి, ఉండడం చాలా కాలం. మన దగ్గర అది తిరగబడింది.

ఇంకో మాట కూడా వినాల్సి వస్తుంది: "పాత కాలం మిషనరీలు అసలు ఇంటి మొహమే చూడలేదు, మీకు సెలవులేంటి?" దీనికి తడబడక్కర్లేదు. విలియం కేరీ 1793లో వచ్చి 1834లో శ్రీరాంపూర్‌లోనే కన్నుమూశాడు, వెనక్కి వెళ్ళలేదు, నిజమే. ఎమీ కార్మైకేల్ 1895లో వచ్చి 1951లో దోనావూరులో చనిపోయేదాకా ఒక్క సెలవూ తీసుకోలేదు, అదీ నిజమే. కానీ వాళ్ళ పేర్లు అలా గుర్తుండిపోవడానికి ఒక కారణం అందరూ అలా లేకపోవడమే. మామూలు మిషనరీలకు కొన్నేళ్ళకోసారి ఫర్లో, అంటే ఇంటికెళ్ళే సెలవు, ఉండేది, ఓడలో వెళ్ళి నెలల తరబడి ఉండి వచ్చేవాళ్ళు. బర్మాలో పనిచేసిన అదోనిరామ్ జడ్సన్ 33 ఏళ్ళ తర్వాత 1845లో మొదటిసారి అమెరికా బయల్దేరాడు, అదీ భార్య సారా ఆరోగ్యం పాడైందని. ఆవిడ దారిలోనే సెయింట్ హెలీనా దీవి దగ్గర చనిపోయింది. సెలవు వాయిదా వేయడం గొప్ప అని నాకైతే ఎప్పుడూ అనిపించలేదు.

నెల, రైలు

మే నెలలో రావొద్దు. పిల్లల బడికి సెలవులు అప్పుడే కాబట్టి అందరూ అప్పుడే వస్తారు, తెలుసు, కానీ అగ్ని నక్షత్రం అనే మండుటెండల రోజుల్లో చెన్నై ఉక్కపోత కొండల్లో పెరిగిన పిల్లలు తట్టుకోలేరు. ఒంటినిండా చెమటకాయలు, రాత్రంతా ఏడుపు, అందరికీ చిరాకు. అక్టోబరు, నవంబరుల్లో వానలు, మా వీధిలో అయితే మోకాటిలోతు నీళ్ళు. డిసెంబరు సగం తర్వాత నుంచి జనవరి చివరిదాకా హాయిగా ఉంటుంది, సంక్రాంతి కూడా కలిసొస్తుంది. ఒక ఇబ్బంది ఏంటంటే డిసెంబరులో సంఘాలన్నీ క్రిస్మస్ కార్యక్రమాల్లో మునిగి ఉంటాయి, మీ పని గురించి వినే ఓపిక ఎవరికీ ఉండదు. మొదట విశ్రాంతి, కొత్త సంవత్సరం తర్వాత సంఘాలు అనుకుంటే అది కూడా మంచికే.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరుకు ముందు 120 రోజులుండేది. పాత అలవాటుతో నాలుగు నెలల ముందు వెతికి దొరకలేదని కంగారు పడకండి. కానీ క్రిస్మస్ సీజన్‌లో తెరిచిన రోజే కొనాలి. తిరుగు ప్రయాణం టికెట్ కూడా అప్పుడే తీసుకోండి, ఆ తేదీ పిల్లలకూ పెద్దవాళ్ళకూ ముందే చెప్పండి. తేదీ దాచిపెట్టి "చూద్దాంలే" అంటుంటే అత్తయ్యగారు లోపల లోపలే ఆశ పెట్టుకుంటారు.

బయల్దేరే ముందు ఫీల్డ్‌లో

ఊళ్ళో ఒక్కో ఇంటికీ వెళ్ళి చెప్పి రండి, ఏ నెలలో తిరిగొస్తారో కూడా చెప్పండి. బయటినుంచి వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళిపోయినవాళ్ళని వాళ్ళు చాలామందిని చూశారు. తాళం ఎవరికిచ్చారు, కోళ్ళని ఎవరు చూస్తారు, బోరింగు పాడైతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ ఒక చీటీ మీద రాసి ఇద్దరి దగ్గర ఉంచండి.

పిల్లలతో "మన ఇంటికి వెళ్తున్నాం" అని ఊదరగొట్టకండి. అక్కడే పుట్టి పెరిగిన పిల్లకి ఆ కొండకింది పెంకుటిల్లే ఇల్లు, పెరంబూరు ఫ్లాట్ నాన్నమ్మ వాళ్ళిల్లు. నాన్నమ్మ వాళ్ళింటికి వెళ్తున్నాం అంటే సరిపోతుంది, అది నిజం కూడా. వాళ్ళకి ఇష్టమైనది ఏదైనా ఒకటి, దుప్పటో బొమ్మో వెదురు విల్లో, ఎంత చెత్తగా కనిపించినా పెట్టెలో చోటివ్వండి.

ఎక్కడ ఉండాలి

ఇది అసలు గొడవ. చెన్నైలో మన ఇళ్ళంటే చాలామందికి రెండు గదులు, ఒక బాత్రూమ్, కార్పొరేషన్ నీళ్ళు రాకపోతే లారీ నీళ్ళు. అందులో మామయ్యగారు, అత్తయ్యగారు, మరిది, తోడికోడలు, వాళ్ళ పిల్లలు ఉంటారు. మీరు నలుగురు దిగుతారు. "మన ఇల్లేగా" అని మీ ఆయన అంటారు. ఆయనకది పుట్టిన ఇల్లు. మీరు లేని రెండేళ్ళూ ఆ ఇంటిని నడిపింది తోడికోడలు, అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పులకు ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆవిడ, మీరు వచ్చినరోజు బిర్యానీ చేసేదీ ఆవిడే.

కాబట్టి నేను చెప్పేదేంటంటే, రెండు వారాలు మించితే వేరే చోటు కూడా చూసుకోండి. కొన్ని సంస్థలకు, సంఘాలకు గెస్ట్‌హౌస్ గదులుంటాయి, ముందే అడిగితే తక్కువకిస్తారు. లేదా అదే వీధిలో నెలకి ఒక చిన్న పోర్షన్ దొరుకుతుందేమో మరిదిని కనుక్కోమనండి. పగలంతా ఇంట్లోనే ఉండి రాత్రి నిద్రకి అక్కడికి వెళ్ళినా ఎంత తేడా ఉంటుందో చూడండి. "అదేంటి, ఇల్లుండగా బయట పడుకోవడమేంటి, చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారు" అని అత్తయ్యగారు బాధపడతారు. మొదటి నాలుగు రోజులు ఇంట్లోనే పడుకుని తర్వాత మెల్లగా మారండి.

ఇంట్లోనే ఉంటే ఖర్చు పంచుకోండి. డబ్బు చేతికిస్తే తీసుకోరు, గొడవవుతుంది. గ్యాస్ సిలిండర్, పాలు, నీళ్ళ క్యాన్లు, కూరగాయలు మీరు తెచ్చేయండి. వారానికి రెండు పూటలు వంట మీరే చేయండి, ఆ రెండు పూటలూ తోడికోడల్ని పుట్టింటికో టీ నగర్‌కో పంపేయండి. వంటింట్లో డబ్బాలు సర్దకండి. మీ ఉద్దేశం మంచిదే అయినా అది తప్పుగా అర్థమవుతుంది, నూటికి నూరుపాళ్ళూ.

పిల్లలు

మా పిల్లలు తెలుగు మాట్లాడితే అందులో దేశియా మాటలు పడతాయి, కోరాపుట్ కొండల్లో అందరూ మాట్లాడేది అది. చెన్నై కజిన్స్ తెలుగులో తమిళం పడుతుంది. మొదటి రోజు ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకుంటారు, మూడో రోజుకి ఫోన్‌లో గేమ్ ఆడుతూ మాటలే లేకుండా కలిసిపోతారు. మధ్యలో పెద్దవాళ్ళే పాడుచేస్తారు: "ఏదీ, ఆ భాషలో ఒక పాట పాడు!" వచ్చిన ప్రతి చుట్టం ముందూ పిల్లని నిలబెట్టి పాడించకండి. సంఘంలో కూడా అంతే. గిరిజన బట్టలేసి వేదిక మీద నిలబెట్టడం మరీ ఘోరం, ఆ బట్టలు వాళ్ళవి కావు, అక్కడి పిల్లలవి.

అమెరికాలో రూత్ హిల్ యూసీమ్ అని ఒక సామాజిక శాస్త్రవేత్త ఉండేవారు, 1950లలో మన దేశంలో ఉంటున్న అమెరికన్ కుటుంబాల గురించి పరిశోధన చేయడానికి వచ్చారు. అమ్మానాన్నల సంస్కృతి ఒకటి, పెరిగిన చోటి సంస్కృతి ఇంకొకటి, ఈ రెండింటి మధ్య పెరిగే పిల్లలకు 'థర్డ్ కల్చర్ కిడ్స్' అనే పేరు ఆవిడ పెట్టిందే. పాస్‌పోర్టు మారితేనే అలా అవుతారనుకోకండి. చెన్నై తెలుగు కుటుంబం కోరాపుట్‌లో ఉన్నా అదే జరుగుతుంది, మనం ఒకే దేశంలో ఉన్నాం కాబట్టి ఎవరూ గుర్తించరు అంతే. ఆ పిల్లలకు రెండు చోట్లా దగ్గరివాళ్ళుంటారు, రెండు చోట్లా కొంచెం బయటివాళ్ళలాగే ఉంటారు.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "నీకు ఇక్కడ బాగుందా, అక్కడ బాగుందా?" ఇక్కడ అంటే మీకు సంకటం, అక్కడ అంటే నాన్నమ్మకు బాధ. పిల్లలకు ఆ సంగతి తెలుసు, అందుకే నోరు మెదపరు. రైల్లోనే చెప్పి ఉంచండి, దీనికి జవాబు చెప్పక్కర్లేదు, రెండు చోట్లా ఏం ఇష్టమో ఒక్కోటి చెప్పేసి ఆడుకోవడానికి పరిగెత్తమని. మా పాప "అక్కడ మా కుక్క, ఇక్కడ లిఫ్టు" అంటుంది. అడిగినవాళ్ళకి నవ్వొస్తుంది, విషయం మారిపోతుంది.

మరీ ఊరు ఊరంతా తిప్పి చూపించకండి. బీచ్, కోట్టూరుపురంలో బిర్లా ప్లానెటోరియం, వండలూరు జూ చాలు. జూకి మంగళవారం సెలవు, అంత దూరం వెళ్ళి గేటు చూసి రావొద్దు. లోకల్ ట్రైన్‌లో ఊరికే అటూ ఇటూ తిరిగినా చిన్నపిల్లలకు పండగే. తిండి విషయంలో ఒక చిట్కా: కోరాపుట్ వైపు పిల్లలు రాగి అంబలి మీద పెరుగుతారు, అక్కడ మాండియా పేజ్ అంటారు. చెన్నైలో రోడ్డు పక్క కూళు బండ్ల మీద దొరికేది కూడా రాగులదే, చిన్న ఉల్లిపాయలు, మజ్జిగ మిరపకాయలతో. ఒకరోజు అక్కడికి తీసుకెళ్ళండి. పిజ్జాలు, కేకులు పెట్టి కడుపు పాడుచేసిన నాలుగో రోజుకి బాగా పనికొస్తుంది.

వీలైతే బీచ్ స్టేషన్ దగ్గర 'అత్తో' అనే బర్మా వంటకం కూడా తినిపించండి, నూడుల్స్‌తో చేసేది. అమ్మేవాళ్ళు బర్మా నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. 1962లో అక్కడ సైన్యం అధికారంలోకి వచ్చాక వ్యాపారాలన్నీ జాతీయం చేస్తే లక్షలమంది భారతీయులు తిరిగొచ్చారు, తమిళులూ తెలుగువాళ్ళూ. కాగితాల మీద వాళ్ళు "ఇంటికి" తిరిగొచ్చినవాళ్ళు, కానీ చాలామంది రంగూన్‌లోనే పుట్టారు, మద్రాసు ఎప్పుడూ చూడలేదు. బర్మా బజార్ అలా పుట్టిందే. కాస్త పెద్దపిల్లలకు ఈ కథ చెప్పండి, మా పెద్దాడు విని చాలాసేపు ఆ బండి అన్నని ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు.

సంఘాల్లో మాట్లాడటం

మీకు ఇరవై నిమిషాలు అంటారు. ప్రకటనలు, స్పెషల్ సాంగ్, ముఖ్య అతిథికి శాలువా అయ్యేసరికి ఏడు నిమిషాలు మిగులుతాయి. ఏడు నిమిషాలకే తయారై వెళ్ళండి. పని మొత్తం చెప్పాలని చూడొద్దు, ఒక్క ఇంటి గురించి, ఒక్క సమస్య గురించి చెప్పండి. మాకు బాగా పనిచేసేది బడి సంగతి: ఇంట్లో ఒక భాష, బళ్ళో ఒడియా, ఒకటో తరగతి పిల్ల నోరు తెరవడానికి ఏడాది పట్టడం. చెన్నై తెలుగువాళ్ళకు అది వెంటనే అర్థమవుతుంది, వాళ్ళ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్ళో తమిళం, ఇంగ్లీషు చదువుతున్నారు కదా.

దుఃఖం పిండే కథలు చెప్పొద్దు. "ఆ అడవి మనుషులకి బట్ట కట్టుకోవడం కూడా తెలీదండీ" అని వేదిక మీద చెప్పినవాళ్ళని విన్నాను. రేపు ఆ ఊరి కుర్రాడు చెన్నైలో కట్టడం పనికొచ్చి అదే సంఘంలో వెనక బెంచీలో కూర్చోవచ్చు, ఇప్పటికే ఒడిశా కుర్రాళ్ళు చెన్నైలో వేలల్లో ఉన్నారు. అతను వింటున్నాడనుకుని మాట్లాడండి.

ఫోటోల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఊరి పేరు, మనుషుల పేర్లు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళ మొహాలు తెర మీద చూపించొద్దు, ఎవరి వాట్సాప్‌కీ పంపొద్దు, యూట్యూబ్ లైవ్ ఉంటే ముందే ఆపమని అడగండి. ఒడిశాలో మత స్వేచ్ఛ చట్టం 1967 నుంచే ఉంది, దాని కింద ఫిర్యాదు వస్తే స్టేషన్‌కి తిరిగేది ఆ ఊరివాళ్ళు. మీరు అప్పటికి చెన్నైలో టీ తాగుతుంటారు.

మన పితరుల సంగతి ఒకటి తప్పకుండా చెప్పండి, సంఘంలో పిల్లలకు అస్సలు తెలీదు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలో నాటాల్‌కు మిషనరీగా వెళ్ళారు, పంపింది తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సంఘం. తెల్ల దొరలు పంపలేదు, మనవాళ్ళే పంపారు. అక్కడ చెరకు తోటల్లో పనిచేసే తెలుగు కూలీల మధ్య పనిచేశారు. అలా నాటాల్‌కు కూలీలను తీసుకెళ్ళిన మొదటి ఓడ ట్రూరో 1860లో బయల్దేరింది ఈ మద్రాసు నుంచే. రాయపురంలో మాట్లాడితే ఇది చెప్పండి, హార్బర్ అక్కడే కదా, నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు.

డబ్బు. వెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు పిల్లాడి చేతిలో కవరు పెడతారు. కవర్లన్నీ మీకే తెచ్చివ్వమని పిల్లలకు ముందే చెప్పండి. ఆ రాత్రే ఒక నోటుబుక్‌లో రాసుకోండి: ఎవరిచ్చారు, ఎంత, దేనికోసం. "ఇది పిల్లలకు" అని ఇచ్చినది పిల్లలకే, "పనికి" అని ఇచ్చినది సంస్థ ఖాతాలో వేసి రసీదు తెప్పించి ఇచ్చినవాళ్ళకు పంపండి. ఏం చెప్పకుండా ఇస్తే మర్యాదగా అడిగేయండి, అడగడం నామోషీ కాదు. పని డబ్బు మీ సొంత యూపీఐకి వేయించుకోవద్దు, ఎంత తేలికగా అనిపించినా.

పాత బట్టల మూట కూడా వస్తుంది. చిరిగిన జాకెట్లు, జిప్పు పోయిన ప్యాంట్లు, ఒంటికన్ను బొమ్మలు, అన్నీ "ఫీల్డ్‌కి". వద్దని చెప్పడం కష్టం, మోసుకెళ్ళడం ఇంకా కష్టం. రైల్లో లగేజీ పరిమితి ఉందండీ అని నవ్వుతూ చెప్పి, బదులుగా కావాల్సిన చీటీ ఒకటి స్త్రీల సమాజం అమ్మగారి చేతిలో పెట్టండి: కొత్త దుప్పట్లు ఇన్ని, నోటుబుక్కులు ఇన్ని, సోలార్ లైట్లు ఇన్ని. చీటీ ఉంటే మూటలు రావు.

ఆస్పత్రి, కాగితాలు

పళ్ళు, కళ్ళు, షుగర్, బీపీ, ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్, థైరాయిడ్, మొదటి వారంలోనే చేయించుకోండి, ఏదైనా తేలితే మందులు కుదరడానికి టైమ్ ఉంటుంది. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి: చెన్నైలో ఎవరికైనా జ్వరం వస్తే ఏ ఊరి నుంచి వచ్చారో డాక్టరుకు మీరే చెప్పాలి, మలేరియా రక్తపరీక్ష మీరే అడగాలి. చెన్నైలో జ్వరమంటే ముందు డెంగ్యూ అనుకుంటారు. ఒడిశా కొండల్లో ఎక్కువగా ఉండే ఫాల్సిపారం రకం మలేరియా తలకెక్కితే ప్రాణం మీదికి వస్తుంది, రోజులు ఆగేది కాదు.

పిల్లల ఆధార్‌కు 5 ఏళ్ళు నిండాక మొదటిసారి, 15 ఏళ్ళకు మళ్ళీ ఒకసారి వేలిముద్రలు ఇవ్వాలి, బడికి సర్టిఫికెట్లు కావాల్సినప్పుడు పరిగెత్తే బదులు ఇప్పుడే చేయించండి.

ఓటు సంగతి ఆసక్తిగా ఉంటుంది. ఒకరికి ఒకే చోట ఓటు. ఎక్కడ అంటే, 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం ప్రకారం మీరు మామూలుగా నివసించే చోట. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదని ఆ చట్టంలోనే రాసి ఉంది, కొన్నాళ్ళు ఊళ్ళో లేనంత మాత్రాన నివాసం పోదనీ ఉంది. ఏడాదిలో పదకొండు నెలలు కోరాపుట్‌లో ఉండే మేము ఓటు అక్కడికి మార్చుకున్నాం. మామయ్యగారికి రేషన్ కార్డులో పేరు తీసేసినంత కష్టం కలిగింది. ఊళ్ళో మాత్రం మేం బూత్ దగ్గర వరుసలో నిలబడ్డాక జనం మాతో మాట్లాడే తీరు మారింది, రోడ్డు గురించి, రేషన్ గురించి మమ్మల్నీ కలుపుకుని మాట్లాడటం మొదలుపెట్టారు. మీరు మార్చుకోవాలా వద్దా అనేది మీ ఇష్టం, కానీ మార్చుకునే ముందు పెద్దవాళ్ళకు మీరే చెప్పండి, వాళ్ళు ఎక్కడో విని తెలుసుకోకూడదు.

పెద్దవాళ్ళు

వాళ్ళు వయసు దాస్తారు. ఫోన్‌లో "మేం బాగున్నాం, మీరు ప్రభువు పని చూసుకోండి" అంటారు. వచ్చాక చూస్తే మామయ్యగారు మెట్లు పట్టుకుని ఎక్కుతుంటారు, అత్తయ్యగారు ఒకే మాట రెండోసారి చెప్తుంటారు. సెలవులో ముఖ్యమైన పని ఇక్కడే ఉంది, సంఘాల్లో కాదు. రెండో వారంలో ఒక మధ్యాహ్నం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, కోడళ్ళు అందరూ కూర్చోండి. పాస్టరుగారిని పిలవొద్దు, పిలిస్తే అది ప్రార్థన కూడిక అయిపోతుంది. ఆస్పత్రి ఖర్చు ఎవరెంత, రాత్రిపూట అవసరమైతే ఎవరు వస్తారు, మీరు ఏం చేయగలరు, ఏం చేయలేరు, డబ్బు లెక్కతో సహా మాట్లాడుకోండి. మీరు పంపగలిగేది తక్కువే కావచ్చు, దూరంగా ఉన్నాం కాబట్టి మీ వల్ల కానిదీ చాలా ఉంటుంది. "దేవుడు చూసుకుంటాడు" అని మిషనరీ అంటే, చూసుకునేది తను కాబట్టి తమ్ముడికి ఒళ్ళు మండుతుంది. అతని కోపంలో న్యాయముంది.

మీ భాగంగా ఏడాదికి ఒక నెల తమ్ముడు, మరదలు ఊపిరి పీల్చుకునేలా పెద్దవాళ్ళని మీ దగ్గరికి తీసుకెళ్ళగలరేమో ఆలోచించండి. ఆరోగ్యం బాగుంటే చలికాలం అయ్యాక ఫిబ్రవరిలో రావొచ్చు, విజయనగరంలోనో విశాఖలోనో రైలు మారాలి, వెంట ఎవరైనా ఉండాలి. మా మామయ్యగారు రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, అరకు మీదుగా వెళ్ళే కొండ లైను చూడాలని వచ్చారు, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ. మేం ఉండే ఇల్లు, మా నీళ్ళ బావి, మా మనుషులు చూసి వెళ్ళాక ఫోన్‌లో ఆయన అడిగే ప్రశ్నలు మారిపోయాయి. "ఎప్పుడొస్తారు" తగ్గింది, "ఆ పక్కింటాయన పొలం పండిందా" మొదలైంది.

పెన్షన్ తీసుకునే పెద్దవాళ్ళు ఉంటే నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్‌లో మొహం చూపించి కూడా ఇవ్వొచ్చు. మనవడి చేత నేర్పించండి.

మిషనరీ కుటుంబాన్ని ఇంట్లో పెట్టుకునేవాళ్ళకు

వచ్చిన రోజు చుట్టాలందరినీ పిలవొద్దు. స్నానానికి వేడినీళ్ళు, పప్పుచారు అన్నం, నిద్ర, అంతే. వాళ్ళు ఫ్రిజ్ వంక, ఏసీ వంక చూస్తే "పాపం" అనుకోకండి, కరెంటు బిల్లు లెక్కేసుకుంటూ ఉంటారు. "మళ్ళీ అక్కడికే వెళ్తారా, పిల్లల చదువు ఏమవుతుంది?" అని పిల్లల ముందు అడగొద్దు. నిజంగా బెంగ ఉంటే విడిగా అడగండి, ఆ బెంగ వాళ్ళకూ ఉంది, మాట్లాడటానికి మనిషి దొరకడు. వాళ్ళు ఏదైనా పోల్చి మాట్లాడితే, "మా ఊళ్ళో అయితే నీళ్ళు ఇంత వృథా చేయరు" లాంటివి, కొంచెం ఓర్చుకోండి. మొదటి పది రోజుల తర్వాత తగ్గిపోతుంది.

తిరుగు ప్రయాణం

చివరి వారం ఖాళీగా ఉంచండి, ఏ కూడికా పెట్టుకోవద్దు. పిల్లలు ఆ వారంలో కజిన్స్‌తో ఊరికే పోట్లాడతారు, అత్తయ్యగారు చిన్నదానికి కసురుతారు, అదంతా విడిపోయే ముందు వచ్చే చిరాకే, పట్టించుకోకండి.

సామాను గురించి. 1965 నుంచి మద్రాసు బిషప్‌గా చేసిన లెస్లీ న్యూబిగిన్ 1974లో పని ముగించి ఇంగ్లండ్‌కు వెళ్ళినప్పుడు, భార్యతో కలిసి రెండు సూట్‌కేసులు, ఒక వీపు సంచి పట్టుకుని నేల దారిన బస్సులు మారుతూ వెళ్ళిపోయారు. మనం కోరాపుట్ వెళ్ళడానికి పదకొండు సంచులు కడతాం. ఆవకాయ గాజు సీసాలో వద్దు, మూత బిగించిన స్టీలు డబ్బాలో పోసి, పైన నూనె తేలేలా చూసి, ప్లాస్టిక్ కవరు చుట్టి నిలబెట్టి పెట్టండి. ఫిల్టర్ కాఫీ పొడి, మందుల చీటీ, కళ్ళజోడు రెండో జత, పిల్లల టీకా కార్డు చేతిసంచిలో ఉండాలి. అక్కడి ఇళ్ళకు ఇవ్వడానికి ఏదైనా తీసుకెళ్ళండి, ఖరీదైనది అక్కర్లేదు, అందరికీ ఒకేలాంటిది అయితే చాలు. మేము స్టీలు గరిటెలు తీసుకెళ్తాం. ఊళ్ళో ఎన్ని ఇళ్ళున్నాయో లెక్కపెట్టుకుని, రెండు ఎక్కువ కొనండి.